చివర దిగేవాడు

మా ఊళ్ళో రన్‌వే లైట్లు వేయడానికి మనిషి ఉండడు. పైలటే ఆకాశంలోంచి రేడియో బటన్ టకటకా నొక్కితే వెలుగుతాయి, కాసేపుండి వాటంతటవే ఆరిపోతాయి. కెనడా ఉత్తరాన లాబ్రడార్‌లో, గని తప్ప ఇంకేమీ లేని ఊరికి అంతకంటే ఎవరేం పెడతారు? మా ఇల్లు రన్‌వే కంచె పక్కనే. లైట్లు వెలిగాయంటే మా ఆయన వెండెల్ వచ్చేస్తున్నాడని పొయ్యి మీద సూప్ పెట్టేదాన్ని. గని కంపెనీ చిన్న విమానం నడిపేవాడు. ఎంత చలైనా, ఎక్కినవాళ్ళందరూ దిగి గేటు దాటేదాకా సీటు వదిలేవాడు కాదు.

"అందర్నీ సాగనంపితే గానీ పెళ్ళాం గుర్తుకు రాదా?" అని సతాయించేదాన్ని.

"చివర దిగేవాడే పైలట్," అని నవ్వేవాడు.

పోయిన డిసెంబరులో ఓ సాయంత్రం లైట్లు వెలిగాయి. బయట మంచు వాన. సూప్ పొంగింది, లైట్లు ఆరిపోయాయి, ఎవరూ రాలేదు. రెక్కల మీద మంచు పేరుకుని విమానం కొండ అవతల కూలిందని తర్వాత తెలిసింది. ముగ్గురు ఇంజనీర్లు, వెండెల్. నలుగుర్నీ తెచ్చి పూడ్చిపెట్టాం. నేనెందుకు మిగిలానో నాకే తెలీదు.

అప్పట్నుంచీ తుఫాను పట్టినప్పుడల్లా ఆ లైట్లు వెలగడం మొదలైంది. రన్‌వే మీద మంచు తోసే బండి నడిపే మా మరిది ఓరిన్ "తీగల్లో తేమ చేరింది, లోర్నా," అన్నాడు. కిటికీకి అతుక్కుపోయిన నన్ను చూడలేక ఆఖరికి ఆ తీగలే కోసేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెలుతురు లేకపోతే నా మనిషి ఎక్కడ దిగుతాడు?

నిన్న మళ్ళీ తుఫాను. నాలుగింటికే చీకటి పడింది. కోసిన తీగలు కోసినట్టే ఉన్నాయి... లైట్లు వెలిగాయి.

వెండెల్ ఇంట్లో ఉంచిన చేతి రేడియో పట్టుకుని కంచె దగ్గరికి పరిగెత్తాను. ఓరిన్ అప్పటికే అక్కడున్నాడు. గాలిలో విమానం ఇంధనపు కిరసనాయిలు వాసన. ఇంజను మోత దగ్గరైంది. కంటికేమీ కనబడలేదు. కొత్త మంచు మీద చక్రాల గాడి మాత్రం గీసుకుంటూ వచ్చింది. మా ఎదురుగా ఆగింది.

"వెనక్కి రా," ఓరిన్ గుసగుసలాడాడు. "అక్కడేం లేదు."

"లేకపోతే నీకెందుకా వణుకు?"

మంచులో బూటు అడుగు పడింది. దాని వెనక ఇంకొకటి. మూడు వరసల అడుగులు గేటు దాటి ఊరివైపు వెళ్ళిపోయాయి. నేను నాలుగో వరస కోసం చూస్తున్నాను. రాలేదు.

రేడియో గరగరలాడింది.

"లోర్నా..."

అదే గొంతు. ఏడుపు ఆపుకోలేకపోయాను. "దిగవేం, వెండెల్?"

"ఇంకొకడున్నాడు. వాడు దిగితే గానీ నేను దిగలేను."

"నీతో ఎక్కింది ముగ్గురేగా?"

 మెల్లగా అన్నాడు.

"పడిపోతున్నప్పుడు ఎక్కాడు."

ఓరిన్ నా చెయ్యి పట్టి లాగాడు. విదిలించుకున్నాను.

"దిగమను. పోవడానికి చోటు లేకపోతే మన ఇంటికి రమ్మను. ఎవడైతే నాకేం... నువ్వు దిగితే చాలు."

"ఆ మాట అనకు, లోర్నా. పిలిస్తే నా బదులు వాడే వస్తాడు."

"అనేశాను."

 మంచులో ఒక పాదం దిగబడింది. బూటు లేదు. ఉత్త పాదం. ఇంకొకటి... తొందరేమీ లేకుండా మా వైపే వచ్చింది. మా ఇద్దరి మధ్య నుంచే నడిచింది. ఓరిన్ కళ్ళు మూసుకున్నాడు. అడుగులు గేటు వైపు తిరగలేదు. నేను పరిగెత్తి వచ్చిన దారినే పట్టుకుని వెళ్ళాయి.

"ఇప్పుడు దిగు," అన్నాను రేడియోలో. "అందరూ దిగారు, వెండెల్. ఇంక నువ్వే."



ఆయన బూట్ల కోసం మంచు వంకే చూస్తూ నిలబడ్డాను. లైట్లు ఆరిపోయాయి. ఇంజను మోత కూడా ఆగిపోయింది. పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను.

ఓరిన్ నా భుజాలు పట్టుకుని ఇంటివైపు తిప్పాడు. మా వంటింట్లో దీపం వెలుగుతోంది. ఉత్త పాదాల జాడ మా గుమ్మం దాకా ఉంది. కిటికీ దగ్గర ఎవరో నిలబడి, లోపలికి రమ్మని చెయ్యి ఊపుతున్నారు.