సాన్ జొవాన్ని పండగ నాటి బాసిల్ కుండీ

"ఈ దీవి ఎన్నింటికి మూస్తారండీ?" అని అడిగింది గడ్డి టోపీ పెట్టుకున్న ఆవిడ.

"చీకటి పడగానే చాపలా చుట్టి లోపల పెట్టేస్తామండీ," అంది ఫిలిప్పా, మైకు పక్కకి కూడా తిప్పకుండా.

పడవలో టూరిస్టులందరూ నవ్వారు. వాళ్ళు నవ్వితే ఫిలిప్పాకి ఇంకా ఒళ్ళు మండుతుంది. ఫావిన్యానా, లెవాంజో, మారెత్తిమో. ఈ మూడు దీవుల చుట్టూ వేసవంతా తిప్పుతుంది కానీ, వచ్చినవాళ్ళలో దీవిని చూసినవాడు ఒక్కడూ లేడు. దీవి ముందు నిలబడి ఫోనులో తమ మొహాలు చూసుకుంటారు. నీళ్ళు నీలంగా ఉన్నాయని ఒకరికొకరు చెప్పుకుంటారు, పక్కవాడికి కళ్ళు లేనట్టు.

"ఎందుకలా కరుస్తావు? పాపం, సెలవులకి వచ్చారు," అన్నాడు చుక్కాని దగ్గర నుంచి ఎత్తోరె.

"నీ పని నువ్వు చూసుకో దొరా. నిన్న రేవులో నువ్వు కట్టిన ముడి చూశాను. మా అత్త జడ అంతకంటే గట్టిగా ఉంటుంది."

"మీ అత్త జడ ముట్టుకునే ధైర్యం ఎవడికుంది? అందుకే ఊడదు."

వెనక పొయ్యి దగ్గర టూరిస్టులకి పాస్తా కలుపుతున్న విన్చెంజా అత్త గరిటె పైకెత్తింది. "నాకు వినబడుతోందిరా ఉత్తరాదీ!"

ఎత్తోరెది ఎక్కడో ఉత్తరాన, జెనోవా దగ్గర ఊరు. ఫిలిప్పా నాన్న గాస్పారె కాలు విరగ్గొట్టుకుంటే, ఆ వసంతంలో పడవ నడపడానికి వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ అత్తకి అతనంటే గిట్టదు. చేప తల పారేస్తాడట. మాట్లాడేటప్పుడు చేతులు కదపడట. చేతులు కదపనివాడు మనసులో ఏదో దాస్తున్నాడని అత్త నమ్మకం.

అత్త నమ్మకం నిజమే అయితే బాగుండునని ఫిలిప్పా రోజూ అనుకుంటోంది. ఎందుకంటే ఆమె కూడా ఒకటి దాస్తోంది. ముడి వేయడం రాని, చేప తల తినడం రాని ఈ మనిషిని ఆమె ప్రేమించింది. తన మీద తనకే అసహ్యం వేసేంతగా ప్రేమించింది.

నాన్న కాలు బాగైంది. ఎత్తోరెకి ఇదే ఆఖరి తిప్పు. రేపు ఓడెక్కేస్తాడు.

గుహ దగ్గర లంగరు వేశారు. టూరిస్టులు కేకలు పెడుతూ నీళ్ళలోకి దూకారు. ఫిలిప్పా అతని పక్కన వచ్చి నిలబడింది, తాడు సర్దే నెపంతో.

"రేపటితో పీడ వదులుతుంది," అంది.

"ఏడవ్వా?"

"ఉల్లిపాయలు తరిగితే ఏడుస్తాను. నీకెందుకు ఏడవాలి?"

"ఉల్లిపాయ పాటి కూడా చేయనన్నమాట."

"ఉల్లిపాయ కూరలోకైనా పనికొస్తుంది."

అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "ఫిలిప్పా, రేవు చేరాక నీకో మాట చెప్పాలి," అన్నాడు.

ఆమె తాడు సర్దడం ఆపేసింది. అయినా నోరు ఊరుకోలేదు. "మాటేనా? ముడి కాదు కదా? ముడైతే ఊడిపోతుంది."

మారెత్తిమో రేవు చేరేసరికి గట్టు నిండా జనం. సాన్ జొవాన్ని పునీతుడి పండగ. గాస్పారె చేతికర్రతో ముందు నిలబడ్డాడు. ఎత్తోరె ఇంజను ఆపి, చుక్కాని కింద నుంచి ఒక కుండీ తీశాడు. గుబురుగా పెరిగిన, తులసి జాతి బాసిల్ మొక్క, కుండీకి ఎర్ర రిబ్బను. రెండు చేతులా ఫిలిప్పా ముందుకు చాపాడు.

"ఇది నీకు. పండగ కదా అని ఈ రోజు దాకా ఆగాను."

గట్టు మీద జనం ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు.

ఆ దీవిలో పసిపిల్లకి కూడా తెలుసు. సాన్ జొవాన్ని నాడు బాసిల్ కుండీ ఇస్తే, అవతలివాళ్ళు పుచ్చుకుంటే, ఆ క్షణం నుంచి ఇద్దరూ తోబుట్టువులు. రక్త సంబంధం కన్నా గట్టిది. ఒకరి మాట ఒకరు కాదనకూడదు, ఒకరి పక్షాన ఒకరు నిలబడాలి. పెళ్ళి ఊసే ఎత్తకూడదు. పోనీ వద్దందామంటే, సాన్ జొవాన్ని కుండీని వెనక్కి నెట్టినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. అంత పాపం ఎవరూ మూట కట్టుకోలేదు.

ఫిలిప్పా చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చెల్లెలు కావలసి వచ్చిందా నీకు?" అంది. "ఇన్నాళ్ళూ నీకు నేను చెల్లెల్లా కనిపించానా?"

"చెల్లెలేమిటి?" ఎత్తోరె తెల్లబోయాడు. "మా వైపు ఇంతకన్నా విలువైనది లేదు. అమ్మ విత్తనాలు పంపింది. నేనొచ్చిన వారంలోనే నాటాను. నీకోసమే నాటాను!"

"అయ్యో వెధవా!" అంది ఫిలిప్పా. ఇక కళ్ళలో నీళ్ళు ఆగలేదు. అక్కడ ఉల్లిపాయలేవీ లేవు.

విన్చెంజా అత్త మేనకోడలి మొహం చూసింది. ఆ కుర్రాడి మొహం చూసింది. గరిటె కింద పడేసి, టూరిస్టులని మోచేతులతో తోసుకుంటూ వచ్చి, కుండీ లాక్కుంది.

"ఇలా తేరా! దీనికి మొక్కలు పెంచడం చేతకాదు. ముళ్ళ చెట్టు కూడా ఎండబెడుతుంది." కుండీని గుండెలకి హత్తుకుంది. "నేను పుచ్చుకున్నాను. అందరూ చూశారా? నా ఖర్మ కొద్దీ ఈ ఉత్తరాది నాకు తమ్ముడయ్యాడు!"

గట్టు మీద ఎవరో ఈల వేశారు.

"ఇప్పుడు చెప్పరా తమ్ముడూ, నీకేం కావాలి? త్వరగా చెప్పి ఏడు, పాస్తా మాడిపోతోంది."

"ఫిలిప్పా కావాలండీ."

"విన్నావా గాస్పారె? నా తమ్ముడు నీ కూతుర్ని అడుగుతున్నాడు. వాడి పక్షాన నేను నిలబడక తప్పదు. నాకిష్టమై కాదు, సాన్ జొవాన్ని కోసం."

గాస్పారె గడ్డం గోక్కున్నాడు. "మరి, అత్తకి తమ్ముడైతే మేనకోడలికి బాబాయి వరస..."

"బంధుత్వం నాకూ వాడికీ మధ్య! ఇంట్లో పిల్లులకీ కోళ్ళకీ అంటుకోదు. కాదంటావా? అని చూడు!"

అక్కని కాదనే ధైర్యం గాస్పారెకి కాలు విరగకముందే లేదు. కర్ర ఊపి సరేనన్నాడు.

ఎత్తోరె ఫిలిప్పా వైపు తిరిగాడు. "ఇప్పుడు నీకివ్వడానికి నా చేతుల్లో ఏమీ లేదు."

"ఖాళీ చేతులే తే," అంది ఫిలిప్పా, ముక్కు తుడుచుకుంటూ. "ఈ పండగ నాడు నీ చేతిలోంచి ఇంకేదీ పుచ్చుకోను."

అతను చేతులు చాపాడు. ఆమె గట్టిగా పట్టుకుంది. ఆ ముడి ఆమే వేసింది కాబట్టి ఊడే అవకాశం లేదు.

గడ్డి టోపీ ఆవిడ ఫోను పట్టుకుని దగ్గరగా వచ్చింది. "ఇది రోజూ చేస్తారా అండీ, లేక ఈ రోజుకే స్పెషలా?"

ఫిలిప్పా అతని చేతులు వదలకుండానే తల తిప్పింది.

"దీవి మూసేశామండీ," అంది. "దిగండి."