మార్కండేయ మళ్లీ లాగిన్ అయ్యాడు

మార్కండేయ చనిపోయి మూడు నెలలైంది. నిన్న మధ్యాహ్నం మూడింటికి అతడు కోడ్ రాశాడు.

నిజామాబాద్‌లో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ వెనక గది. అదే గూఢచారి విభాగం ఆఫీసు. చీఫ్ ఖైరున్నిసా సర్వర్ లాగ్ చూపించింది. ఏజెంట్ శాంతి కుమార్ ఆ పేరు చదివి కళ్లు తిప్పుకున్నాడు. ఆ పేరున్న స్నేహితుడి పాడె మోసింది తనే.

"వాని లాగిన్ కీ విదేశీ ముఠా చేతుల పడ్డది. రిజర్వాయర్ గేట్ల ప్రోగ్రామ్ మార్చిన్రు. ఇయ్యాల నాలుగింటికి ఆ కోడ్ దానంతటదే గేట్లకు ఎక్కుతది. గేట్లన్ని ఒక్కసారే లేస్తయ్," అంది చీఫ్.

"సర్వర్ బంద్ చేస్తే?"

"చేసినా లేసేటట్టే రాసిన్రు. మార్చని మంచి కాపీ ఒక్కటే ఉన్నది. బోధన్‌ల, మార్కండేయ పానం పోయిన ల్యాబ్‌ల. కీ రద్దు చేసే అధికారం కూడ ఆ మిషన్‌కే ఉన్నది. హైదరాబాద్ ఆఫీసు నుంచి ఏజెంట్ హిమజను పంపిన్రు. తోల్కపో."

ఆ గేట్లకు దిగువన, నది ఒడ్డున రెంజల్ వైపు చెరుకు కోతలో శాంతి కుమార్ అక్క ఎస్తర్ ఉంది. ఆ మాట అతడు చీఫ్‌కు చెప్పలేదు.

మూడున్నరకు తుక్కు వ్యాపారి వేషంలో, నల్ల కళ్లద్దాల హిమజతో కలిసి, బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాడు.

"పాకం దిగిందా?"

"ఇంకొక్క పొంగు రావాలె," అన్నాడు వాచ్‌మన్ పోశయ్య. గుర్తు మాట కలిసింది. గేటు తెరుచుకుంది.

ఏళ్ల కిందట ఆగిన మిల్లులో చెరుకు మడ్డి వాసన మాత్రం ఆగలేదు. ల్యాబ్‌లో మార్కండేయ తాగి పెట్టిన చాయ్ గ్లాసు అలాగే ఉంది. చివరి రోజు అతడు ఫోన్ చేస్తే శాంతి కుమార్ తీయలేదు. సినిమా హాల్లో ఉన్నాడు. ఆ తప్పు అతణ్ని ఒక్క రోజూ నిద్రపోనివ్వలేదు.

"మార్కండేయ సారు నా షిఫ్ట్ ముచ్చట మల్ల మల్ల అడుగుతుండె," అన్నాడు పోశయ్య. "షిఫ్ట్ మారేటప్పుడు మేం అంత మొదట్నించి చెప్పకపోతుంటిమి. నీకేం ఎరుక అని అడిగి, ఎరుక లేనిదే చెప్పి పోతుంటిమి. మిషన్లకు గిదే నేర్పాలె అని నవ్వెటోడు."

షిఫ్టులు పోయినా అలవాటు పోలేదు. ఇప్పటికీ నాలుగు కొట్టేసరికి పోశయ్య ల్యాబ్‌కొచ్చి ఖాళీ కుర్చీకి డ్యూటీ అప్పజెప్తాడట. ఆ మాట చెప్పి గేటుకు వెళ్లిపోయాడు.

సిగ్నల్ ఒక్క గీతే ఉంది.

"మంచి కాపీని హెచ్‌టీటీపీలో పంపు," అంది హిమజ. "ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ మూసేశారు. నేనే చెక్ చేశాను."

రెండూ గేట్ల సర్వర్‌కు డేటా వెళ్లే దారులే. ఆ సర్వర్‌లో హెచ్‌టీటీపీ పాతకాలపుది, మూగది. అవతల ఏముందో అడగడం దానికి రాదు. కాపీలోని రెండు జీబీలూ మొత్తం మోయాల్సిందే. ఎస్‌ఎస్‌హెచ్‌లో అయితే రెండు వైపులా మాట్లాడుకుంటాయి. అవతల లేనిది మాత్రమే వెళ్తుంది.

శాంతి కుమార్ తలూపి, లాగ్ మరోసారి తెరిచాడు. నిన్నటి మార్పు ఎస్‌ఎస్‌హెచ్ మీదుగానే వచ్చింది. దారి మూసి ఉంటే చనిపోయినవాడు ఎలా వచ్చాడు?

హిమజ చెప్పింది అబద్ధం. హిమజకు కనబడేలా హెచ్‌టీటీపీ అప్‌లోడ్ మొదలుపెట్టాడు. దాని వెనక విండోలో, చప్పుడు కాకుండా, ఎస్‌ఎస్‌హెచ్‌తో మంచి కాపీని పుష్ కొట్టాడు.

మూడు యాభై ఏడు. హిమజ మేకప్ బాక్స్‌లోంచి చిన్న పిస్తోలు తీసింది.

"ఒక్క శాతమే వెళ్లింది పాపం. చేతులు తియ్యి."

"అది నీ కోసం పెట్టిన బొమ్మ." వెనక విండో ముందుకొచ్చింది. ముప్ఫై ఎనిమిది కేబీ. పూర్తి.

హిమజ నవ్వు చెదరలేదు. "మా వాళ్లు చూస్తూనే ఉన్నారు. అతడు మళ్లీ వచ్చి మార్చేస్తాడు."

స్క్రీన్ మీద అక్షరాలు పడ్డాయి. మార్కండేయ లాగిన్ అయ్యాడు.

మూడు యాభై తొమ్మిది. తలుపు కిర్రుమంది. డ్యూటీ అప్పజెప్పడానికి పోశయ్య వచ్చాడు. హిమజ తల తిప్పింది. శాంతి కుమార్ ఆమె మణికట్టు పట్టి పైకెత్తాడు. తూటా పైకప్పును తాకింది. అతడి రెండో చేయి కీబోర్డు మీదికెళ్లి ఆగింది.

ఒక్క బటన్ నొక్కితే కీ రద్దు. ఆ పేరు మళ్లీ ఎప్పటికీ వెలగదు. అబద్ధమని తెలిసినా, లోపల ఎక్కడో స్నేహితుడు తిరిగొచ్చాడనే ఉంది.

"మాఫ్ చెయ్ రా," అని నొక్కాడు.

పేరు మాయమైంది. నాలుగయింది. ఫోన్ మోగింది. ఈసారి మొదటి రింగుకే తీశాడు.

"గేట్లు కదల్లే," అంది ఖైరున్నిసా.

శాంతి కుమార్ చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుని దాచుకోకుండా ఏడ్చాడు.

హిమజను శాంపిల్ రూమ్‌లో పెట్టి తాళం వేసిన పోశయ్య, ఖాళీ కుర్చీ ముందు నిలబడ్డాడు.

"అంత నిన్నటి లెక్కనే ఉన్నది. కొత్తది ఒక్కటే. శాంపిల్ రూంల ఒక మేడం ఉన్నది."