కొండచరియ మీది పేరు

ఆ ఉదయం పొగమంచు లోయంతా నిండిపోయింది. యార్క్‌షైర్ కొండల్లో అలాంటి పొద్దుల్లో ఇళ్ళు కనపడవు, మిల్లుల పొగగొట్టాలు మాత్రం గాల్లో తేలుతుంటాయి. ఈనక్ సట్‌క్లిఫ్ టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కిటికీలోంచి ఎదుటి కొండ దక్షిణపు చరియ ఉన్నవైపే చూస్తున్నాడు. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట అతని పూర్వీకుడొకడు అక్కడ పొలం చేసుకున్నాడట. సట్‌క్లిఫ్ అంటే దక్షిణపు చరియ అనే అర్థం; ఆ చరియ పేరే వాళ్ళ ఇంటిపేరైంది. ఈనక్‌కి అంతకుమించిన ఆస్తి లేదు.

ఊళ్ళో సగంమంది సట్‌క్లిఫ్‌లే కనుక ఇంటిపేరు చెబితే ఎవరి సంగతో తేలదు. అందుకే తండ్రి, తాతల పేర్లు కలిపి పిలుచుకుంటారు. ఈనక్‌ని మాత్రం "హన్నా వాళ్ళ ఏబెల్ వాళ్ళ ఈనక్" అంటారు. హన్నా అతని నాయనమ్మ. పెళ్ళి కాకుండానే అతని తండ్రి ఏబెల్‌ని కన్నది. మిల్లులో ఎవరైనా అలా పిలిస్తే ఈనక్‌కి ఒళ్ళు మండేది.

ఇప్పుడు అతని కూతురు మార్తా ఒళ్ళో వారం రోజుల పసిపిల్ల ఉంది. పెళ్ళాడతానన్నవాడు చెప్పాపెట్టకుండా ఊరొదిలి పోయాడు. పిల్లని పెంచుకోడానికి తీసుకెళ్ళేందుకు హాలిఫాక్స్ నుంచి ఎవరో దంపతులు ఆ పూటే వస్తున్నారు. ఏర్పాటంతా ఈనక్‌దే.

"నేనివ్వను నాన్నా," అంది మార్తా మెట్లు దిగుతూ.

"మళ్ళీ మొదలెట్టావా? నిన్న సరేనన్నావుగా."

"నిన్న ఏడవడానికి కూడా ఓపిక లేక సరేనన్నాను."

"వాళ్ళ పేరుతో పెరిగితే దాన్నెవరూ వేలెత్తి చూపరు. ఇక్కడుంటే మన పేరు మట్టిలో కలుస్తుంది. ఎంత పాత పేరే అది!"

అక్కడి అలవాటు ప్రకారం పొయ్యి పైన దండెం మీద ఆరేసిన వోట్ రొట్టె తీస్తున్న అతని భార్య గ్రేస్ అక్కడే ఆగిపోయింది.

"ఆ పేరు నీకెవరిచ్చారయ్యా?"

"మా నాన్న."

"ఆయనకి?"

ఈనక్ మళ్ళీ కిటికీకేసి తిరిగాడు.

"మీ తాత ఎవరో మీ ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఆ పేరు హన్నాది. మీ నాన్నని ఆవిడ ఎవరి చేతుల్లోనో పెట్టేసుంటే, ఇవాళ నువ్వెవరివి? పొద్దస్తమానం ఆ కొండకేసి చూసి మురిసిపోతావు, ఆవిణ్ణి తలచుకోడానికి మాత్రం సిగ్గు."

ఈనక్‌కి ఉన్నివాసన వేసే నల్ల శాలువా గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాయనమ్మ చెయ్యిపట్టి ఆ చరియ ఎక్కించి, మంచులో మునిగిన రాళ్ళగోడలు చూపిస్తూ "ఇదిరా మనది" అనేది. మనది అంటే మగవాళ్ళదని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

తలుపు చప్పుడైంది. వాకిట్లో దంపతులు నిలబడ్డారు. ఆవిడ చేతిలో కొత్త తెల్ల దుప్పటి.

"క్షమించండి, మిమ్మల్ని ఊరికే తిప్పాను," అన్నాడు ఈనక్. "పిల్ల సట్‌క్లిఫ్‌ల పిల్ల. మా ఇంట్లోనే ఉంటుంది."

ఆవిడ మొహం చూడలేక తల దించుకున్నాడు. వాళ్ళు మంచులోకి వెళ్ళిపోయేదాకా గడపలోనే నిలబడి, తర్వాత కూతురి దగ్గరికొచ్చి చేతులు చాచాడు. మార్తా పిల్లని గుండెకి గట్టిగా హత్తుకుంది.

"ఎక్కడికి తీసుకెళ్తావు నాన్నా?"

"ఎక్కడికీ కాదమ్మా. పుట్టి వారమైంది. దీని మొహం నేనింకా చూళ్ళేదు."

మార్తా పిల్లని అతని చేతుల్లో పెట్టింది.