పెద్ద చర్చిలో చెప్పిన మాట

"పెళ్లికి ముందు ఇద్దరూ ఒకసారి మాట్లాడుకోండి" అని పెద్దవాళ్లు అన్నప్పుడు, విజయనగరంలోని పాత కేథడ్రల్ పేరు చెప్పింది అనూరాధే.

అటువైపు బంధువులెవరూ రారు. పైగా ఎచ్చెర్లలో ఎం.ఏ. చదివే రోజుల్లో స్నేహితురాళ్లతో వచ్చి, ఆ గోతిక్ కట్టడం మీద మనసు పారేసుకుంది. భావనపాడు ఒడ్డున పెరిగిన పిల్ల. తలెత్తి ఆ కప్పు చూస్తే, తారు పూయడానికి బోర్లించిన పడవ కింద దూరి ఆడుకున్నట్టే అనిపించింది.

ఈశ్వర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వాళ్లదీ సముద్రంలో చేపల వేట మీద బతికిన కుటుంబమే, చింతపల్లి తీరం. అతను మాత్రం రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్. కొత్తవలసలో గది తీసుకుని ఉంటున్నాడు. పెళ్లిచూపుల్లో తలెత్తని మనిషి ఇక్కడ గొంతు విప్పాడు.

"బస్సులో సీటు దొరికిందా? ఏటైనా తిన్నారా?"

రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు.

"కాస్త మెల్లిగా అడగొచ్చు కదండీ!"

"ఇంజిన్లో ఉద్యోగం కదా. మెల్లిగా మాటాడ్డం మర్సిపోనాను."

అనూరాధకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే భయమూ వచ్చింది. ఆమె ఒక మాట చెప్పాలని వచ్చింది. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఎడమ చెవి వినికిడి పూర్తిగా పోయింది. ఆ సంగతి తెలిసి పోయినేడు ఒక సంబంధం వెనక్కి వెళ్లిపోయింది. అందుకే ఈ పొద్దున్న బస్సెక్కుతుంటే అమ్మ గురమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది: "మూడు ముళ్లూ పడీవరకు నోరు మెదపకు. నీకు దండం పెడతానే!"

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లారు. ప్రార్థన ముగిసి జనం వెళ్లిపోయారు. రాతి స్తంభాలు రెండు వరసలుగా లేచి, పైన కోసుగా కలుసుకుంటున్నాయి. పొడవాటి కిటికీల రంగు అద్దాల్లోంచి నీలం, ఎరుపు వెలుగు నేల మీద పడుతోంది. నిశ్శబ్దం పాటించమన్న బోర్డు చూసి ఈశ్వర్ గుసగుసల్లోకి దిగాడు. నడవడం మాత్రం ఆమె ఎడమ పక్కన.

అతనేదో అడుగుతున్నాడు. మాటలు కప్పుకు తగిలి ముక్కలై ఎటునుంచో వస్తున్నాయి. అనూరాధ ఎప్పటిలాగే ముఖం చూసి, నవ్వి, తలూపుతూ వచ్చింది. కిటికీ కింద అతను ఆగి, ఆమె వైపు చూడకుండా మరేదో అడిగాడు. అద్దాల గురించేమో అనుకుంది. మళ్లీ నవ్వి తలూపింది.

ఈశ్వర్ ముఖం వాడిపోయింది. గబగబా బయటికి నడిచాడు.

ఆమె వరండాలోకి పరుగెత్తేసరికి వాన మొదలైంది. అతను తడుస్తూ చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

"ఏటయినాది? ఎందుకెళ్లిపోతన్నారు?"

"మీ ఇంట్లోవోళ్లు బలవంతంగా ఒప్పించినారా అని అడిగినాను. నవ్వుతా తలూపినారు. ఇంకేటి అడగాల?"

అనూరాధకు అమ్మ పెట్టిన దండం కళ్ల ముందు మెదిలింది. అయినా ఆగలేదు.

"నాకు ఇనబడనేదు. ఎడం చెవి అసలు ఇనబడదు. మావోళ్లు మీకు సెప్పనేదు."

అతను తడిచిన తలతోనే వరండాలోకి వచ్చాడు.

"అయితే లోపల నేనడిగినవి?"

"సగం కూడా ఇనబడనేదు."

"మరి అన్నింటికీ తలూపినారేటి?"

"మళ్లీ అడిగితే తెలిసిపోతాదని. చిన్నప్పట్నుంచీ అంతే."

ఈశ్వర్ ఆమె కుడి వైపుకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా కాదు, మామూలు గొంతుతో అన్నాడు: "మా ఇంజిన్లో ఒకరు సిగ్నల్ రంగు సెప్తే రెండోవోరు తిరిగి సెప్పాలండి. ఇనబడనేదంటే తప్పు కాదు, మళ్లీ సెప్తారు. ఇనబడినట్టు తలూపడమే డేంజరు. నాకాడ అలగ తలూపకండి."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంతవరకు ఎవరూ ఆమెతో అలా అనలేదు. అయ్యో అన్నారు, లేదా దాచమన్నారు.

"మా అమ్మకి ఇప్పుడే సెప్పాలి" అంటూ అతను ఫోన్ తీశాడు. ఆమె వద్దనేలోపే స్పీకర్లో కూర్మమ్మ గొంతు పలికింది. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆ పిల్లే సెప్పిందా నీకు?"

"ఆవిడే సెప్పినాది. ఇక్కడే ఉన్నాది."

"అయితే ఆ గురమ్మ నంబరు ఇయ్యి. దాసినందుకు నాలుగు మాటలు అనాలి. అనీసి, మూర్తం ఎప్పుడు పెట్టుకుందారో అడగాలి."

ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ నవ్వాగలేదు. వాన తగ్గుతోంది. నవ్వు సద్దుమణిగాక అనూరాధ అడిగింది.

"మీ అమ్మగారు ఒప్పుకున్నారు. మా అమ్మ ఎలాగూ ఒప్పుకుంటాది. నన్నెవరూ అడగనేదేటి?"

ఈశ్వర్ తడబడ్డాడు. చుట్టూ ఒకసారి చూశాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నన్ను సేసుకుంటావా?"

ప్రతి అక్షరం వినబడింది. ఈసారి ఆమె తల ఊపలేదు.

"సేసుకుంటాను" అంది నోరారా.