రాత్రికి కళ్ళొచ్చే బొమ్మ

ఆ ఆర్ట్ గ్యాలరీలో చివరి గదికి మంచి పేరు లేదు. పగలు పిల్లలూ పెద్దలూ తిరిగే గదే. దీపాలు ఆర్పాక మాత్రం... లోపలి నుంచి ఎవరో చూస్తుంటారట. అంతకుముందున్న వాచ్‌మన్ చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు, మళ్ళీ రాలేదు.

ఆ ఖాళీలో చేరింది మా బావమరిది.

వాడికున్న జబ్బల్లా నిద్ర. కూర్చుంటే కునుకు, నిలబడితే ఆవలింత. బ్యాంకులో ఉద్యోగం అలాగే పోయింది, గోడౌన్‌లోదీ అలాగే పోయింది. ఇక్కడ చేరేముందు వాడి పెళ్ళాం ఒకటే మాట అంది. "ఇదీ నిద్రపోయి పోగొట్టుకున్నారో, మీరిక ఇంటికి రానక్కర్లేదు."

చివరి గదిలో ఉన్నది ఒక్కటే బొమ్మ. మనిషికి రెట్టింపు ఎత్తు, తెల్లగా, పిసికి వదిలేసిన పిండిముద్దలా ఉంటుంది. తలెక్కడో భుజమెక్కడో తెలీదు. కింద పలక మీద 'అంతర్ముఖం' అని రాసుంది. దాని అర్థమేంటో ఆ బొమ్మ చేసినాయనకే తెలియాలి.

మొదటి రాత్రి వాడు ఆ గదిలో దీపం ఆర్పాడు. వెనక్కి తిరగబోతూ, ఎందుకో ఆగాడు...

చీకట్లో రెండు కళ్ళు. పచ్చగా. రెప్ప వెయ్యకుండా — వాడినే చూస్తున్నాయి.

టార్చి వేశాడు. కళ్ళు లేవు. తెల్లటి ముద్ద, అంతే. నా భ్రమ అనుకుని టార్చి ఆర్పాడు.

మళ్ళీ కళ్ళు... ఈసారి ఇంకాస్త గుచ్చి గుచ్చి.

మళ్ళీ టార్చి. పైనుంచి కిందిదాకా వెతికాడు. ఏమీ లేదు. ఆర్పాడో లేదో — ఈసారి నిప్పుల్లా మండుతూ చూశాయి. ఎంత వెలుగు వేస్తే అంత కోపం వస్తోంది వాటికి.

ఇంకేం నిద్ర? తెల్లారేదాకా గోడకి అతుక్కుని నిలబడ్డాడు. మర్నాడు నడుమెత్తులో ఇంకో కన్ను. ఆ మర్నాడు మోకాలెత్తులో. వారం తిరిగేసరికి దానికి ఒళ్ళంతా కళ్ళే.

తమాషా ఏంటంటే, చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చే మేనేజర్ మేడమ్‌కి వాడు ఎప్పుడూ గుడ్లప్పగించే కనిపించాడు. "ఇన్నాళ్ళకి మెలకువగా ఉండే మనిషి దొరికాడు" అందావిడ. వాడు ఏడవలేక నవ్వాడు.

"నావల్ల కాదక్కా, మానేస్తా" అని మా ఆవిడ దగ్గర మొరపెట్టుకున్నాడు.

"నీ పెళ్ళాం కంటే భయంకరంగా ఉంటుందిరా అది?"

వాడు కాసేపు ఆలోచించాడు. "లేదులే" అని డ్యూటీకెళ్ళాడు.

ఆ రోజు పెందరాళే వెళ్ళాడు. చివరి గదిలో రోజూ సాయంత్రం వచ్చే డ్రాయింగ్ క్లాసు పిల్లలున్నారు. టీచరమ్మ పక్కగదిలో ఎవరికో రంగులు కలిపిస్తోంది. ఇదే సందని ఒక బుడ్డది ఇంకొకడి భుజాలెక్కి బొమ్మకి ఏదో అద్దుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"ష్... కళ్ళు పెడుతున్నా మామయ్యా."

చేతిలో స్టిక్కర్లు. పిల్లలు పడగ్గదిలో పైకప్పుకి అంటించుకుంటారు చూడండి, వెలుగు తాగి చీకట్లో మెరిసేవి, అవి. తెల్లటి బొమ్మ మీద వెలుగులో కనబడవు.

"దానికి కళ్ళెందుకే?"

"రాత్రి ఒక్కతే ఉంటుందిగా. చీకట్లో కనబడొద్దూ?"

"అయితే రెండు చాలవూ?"

"అంత ఒళ్ళుంది. రెండేం సరిపోతాయి?"

"ముందు దిగవే, నా మెడ పోతోంది" అన్నాడు కిందున్నవాడు.

మా వాడికి నవ్వాగలేదు. రాత్రంతా టార్చి వేసి ఆ కళ్ళకి మేత పెట్టింది తనేనన్నమాట.

ఆ రాత్రి భయం పోయింది. భయం పోగానే... వారం రోజుల నిద్ర ఒక్కసారిగా కమ్ముకొచ్చింది. బొమ్మ పక్కనే స్టూలు వేసుకుని, గోడకి తల ఆనించి, గురక మొదలెట్టాడు.

చెవి దగ్గర ఎవరో చల్లగా ఊదినట్టు —

"లే నాయనా... మేడమ్ మెట్లెక్కుతోంది..."

దిగ్గున లేచాడు. టోపీ సర్దుకునేసరికి గుమ్మంలో మేడమ్. "ఇలాగే ఉండాలయ్యా. వచ్చే నెల నుంచి నిన్ను పర్మనెంట్ చేస్తున్నాం" అని వెళ్ళిపోయింది.

వాడు మెల్లగా తల తిప్పి చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు.

కళ్ళంటే పిల్లలు పెట్టారు, సరే... నోరెవరు పెట్టారు?