భుజం మీద చేప

సాయంత్రం ఆరూ పదికి బ్యూటీ పార్లర్లోంచి ఒకావిణ్ణి స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. ఆరున్నరకల్లా ఆ పార్లర్ అద్దాలన్నీ పగిలిపోయాయి.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి నేలంతా గాజు పెంకులు. గుమ్మం బయట జనం. అందరి చేతులూ ఖాళీగా, మొహాలు అమాయకంగా ఉన్నాయి.

"ఎవరు పగలగొట్టారు?"

ఒకరి వెనక ఒకరు నక్కారు.

"అంటే అద్దాలే దిగులు పెట్టుకుని పగిలిపోయాయన్నమాట. సరే. మీ ఫోటోలు తీయిస్తున్నాను. అందరూ కాస్త నవ్వండి."

నిమిషంలో వీధి ఖాళీ అయింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్‌కు చిటపట మేడమ్ అని పేరు. ముందు చిటపటలాడుతుంది, తర్వాత పేలుతుంది. ఆ పేరు ఆవిడకు తెలియదని స్టేషనంతా నమ్మకం. ఆవిడకు తెలుసు. వినబడనట్టు ఊరుకుంటుంది, అంతే.

"చెప్పు," అంది వెంట వచ్చిన లేడీ కానిస్టేబుల్‌తో.

కానిస్టేబుల్ వాచీ పట్టా కింద గోక్కుంటూ చెప్పింది. పడిపోయినావిడ ప్లేస్కూల్ టీచర్. పార్లర్ ఓనరు ఆవిడకు స్వయానా ఆడపడుచు. ఉదయం వదిన జుట్టుకు తనే నల్లరంగు వేసింది. మధ్యాహ్నానికి మాడు మంట మొదలైంది. సాయంత్రానికి కళ్లు మూసుకుపోయేంతగా మొహం వాచింది. ఆవిడ గోడలు తడుముకుంటూ ఇక్కడికొచ్చి, ఏం పూశావని అడగబోయి, ఊపిరాడక గుమ్మంలోనే కూలిపోయింది.

పార్లర్ ఓనరు మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. నుదుటి మీద గాజు గీసుకున్న గాయం. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

"ఏం కలిపావు?"

"ఏం కలపలేదు మేడమ్. రోజూ అందరికీ వేసే రంగే. రెండేళ్లుగా మా వదినకు అదే వేస్తున్నాను."

"రెండేళ్లుగా పడిన రంగు ఇవాళెందుకు పడలేదు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

అంతలో ఒక కుర్రాడు గాజు పెంకులు తొక్కుకుంటూ లోపలికొచ్చాడు. చక్కని చొక్కా, చక్కని క్రాఫు. ఓనరు తమ్ముడు. పడిపోయినావిడకు మరిది.

"మా అక్క మీద చెప్పడానికి నోరు రావట్లేదు మేడమ్," అన్నాడు.

తర్వాత నోరు బ్రహ్మాండంగా వచ్చింది. పార్లర్‌లో రంగు పొడి ప్యాకెట్లు మాయమవుతున్నాయట. వదిన స్కూలు వదిలాక వచ్చి సాయం చేసేదట. నువ్వే దొంగవని అక్క కస్టమర్ల ముందే వదినను కడిగేసిందట. ఒకే ఇంట్లో ఉంటూ నెల్లాళ్లుగా ఇద్దరికీ మాటల్లేవట. అలాంటిది నిన్న అక్కే పార్లర్ నుంచి ఫోన్ చేసి, రా వదినా, రంగేస్తానని పిలిచిందట.

"పిలిచావా?" ఇన్‌స్పెక్టర్ ఓనరు వైపు తిరిగింది.

"పిలిచాను. తప్పు నాది, రాజీ పడదామనే పిలిచాను."

"కంప్లయింటు నేనే ఇస్తాను మేడమ్," అన్నాడు తమ్ముడు. "రక్తసంబంధం కన్నా న్యాయం ముఖ్యం."

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది. న్యాయం పేరెత్తేవాళ్లంటే ఆవిడకు మొదట్నించీ చిరాకు. కానీ చిరాకును రిపోర్టులో రాయలేం. ఓనరును జీపెక్కించారు.

*

మూడో రోజు ఉదయం పదింటికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. గిన్నెలో మిగిలిన రంగు మామూలు రంగే. విషం లేదు, యాసిడ్ లేదు.

పదింబావుకు పైఆఫీసరు ఫోన్. "ఏం లేకపోతే మనిషి ఎందుకు పడిపోయింది? గిన్నె మార్చేసి ఉంటుంది. హత్యాయత్నం కింద కేసు కట్టేసి కోర్టుకు పంపు."

"సాయంత్రం దాకా టైమివ్వండి సార్."

"సాయంత్రం అంటే సాయంత్రమే."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ టేబుల్ మీద కొట్టినట్టుగా పెట్టి లాకప్ దగ్గరికెళ్లింది. ఓనరు గోడకు ఆనుకుని ఉంది. వేళ్లకు రంగు మరకలు ఇంకా పోలేదు.

"నా దగ్గర ఇంకా ఏం దాస్తున్నావు?"

"దాచడానికి ఏముంది మేడమ్." గొంతు పీలగా ఉంది. "ఒక్క తప్పు చేశాను. ఎంత పాత కస్టమరైనా సరే, వేసే ప్రతిసారీ ముందు చెవి వెనక చుక్క రంగు పెట్టి రెండ్రోజులు ఆగుతాను. దురద రాకపోతేనే తలకు వేస్తాను. మొన్న మా వదినకు మాత్రం పెట్టలేదు. నెల్లాళ్ల తర్వాత గుమ్మం తొక్కింది. చుక్క పెట్టించుకుని ఎల్లుండి రా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా మీద నమ్మకం లేదా అంటుందని భయపడ్డాను."

దొంగ అని నోరు జారడానికి లేని మొహమాటం చుక్క పెట్టడానికి వచ్చింది. మనుషులింతే అనుకుంది ఇన్‌స్పెక్టర్.

"ప్యాకెట్లు పోతున్నాయట కదా. పార్లర్ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంటుంది."

"ఇంట్లో ఎవరెవరు?"

"అమ్మ, అన్నయ్య, వదిన, నేను, తమ్ముడు."

*

హాస్పిటల్లో టీచర్‌కు అప్పుడే తెలివి వచ్చింది, గొంతులో గొట్టం మాత్రం ఉంది. మొహం వాపు కొంచెం తీసినా రెప్పలు ఇంకా విడలేదు. పక్కన భర్త. బస్సు డ్రైవరు. మూడు రోజుల గడ్డం. చెల్లెల్ని నమ్మాలో పెళ్లాన్ని చూసి ఏడవాలో తెలియక కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరు వరండాలోకి పిలిచి చెప్పాడు. "ఇది అలర్జీ మేడమ్. రంగులో ఉండే కెమికల్‌కే. రెండేళ్లు పడింది కదా అంటున్నారు. నిజమే. కానీ మధ్యలో ఎక్కడైనా అదే కెమికల్ ఘాటుగా చర్మానికి తగిలిందనుకోండి. ఒళ్లు దాన్ని పగపట్టినట్టు గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత కొంచెం తగిలినా ఇలా విరుచుకుపడుతుంది."

"తగిలిందేమోనని అడిగారా?"

"మొదటి రోజే అడిగాం. నల్ల టాటూల్లాంటివి వేయించుకున్నారా అని కూడా. అబ్బే, అలాంటి అలవాట్లే లేవన్నారు."

"అన్నదెవరు?"

"వాళ్ల మరిది. పాపం, అన్నీ ఆ అబ్బాయే దగ్గరుండి చూసుకుంటున్నాడు."

లోపల నర్సు భర్తను బయటికి పంపి టీచర్ని పక్కకు ఒత్తిగిల్లబెడుతోంది. గౌను జారి భుజం కనిపించింది. వెనకవైపు, అరచేయంత మేర, చర్మం పాలిపోయి ఉంది.

"ఇదేంటి?" అంటూ ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చింది.

"పుట్టుమచ్చ మేడమ్," అంది నర్సు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. ఒక తోక. రెండు రెక్కలు. ఒంటి నిండా వరసగా అర్ధచంద్రాలు.

"పుట్టుమచ్చకు పొలుసులుంటాయా?"

నర్సు కూడా వంగింది. చేప. చర్మం మీద ఎవరో చెరిపేసిన చేప.

వెనక గరగరమని చప్పుడు. కానిస్టేబుల్ మళ్లీ గోక్కుంటోంది.

"మూడు రోజుల్నించీ చూస్తున్నాను. ఏంటమ్మా ఆ గోకుడు? ఆ వాచీ తియ్!"

కానిస్టేబుల్ బెదిరిపోయి తీసింది. మణికట్టు మీద సీతాకోకచిలుక. దాని గీత వెంబడే, గీత దాటకుండా, నీటిపొక్కులు.

"గోరింటాకు టాటూ మేడమ్. డ్యూటీలో చూస్తే తిడతారని... వేసి వారం దాటింది. మొదట ఏం లేదు. ఇప్పుడే పొక్కుతోంది."

"గోరింటాకు నల్లగా పండుతుందా?"

"స్పెషల్ ఆకంట. అరగంటలో నల్లగా ఆరిపోయింది."

"ఏ ఆకైనా గంటలు గంటలు ఉంచుకుంటే గానీ ఎర్రగా పండదు. అరగంటలో నల్లబడేది ఆకు కాదు, జుట్టు రంగు. ఎక్కడ వేయించుకున్నావు?"

"షాపింగ్ మాల్‌లో మేడమ్. ఆ... ఈవిడ మరిది టాటూ స్టాల్లోనే."

ఇన్‌స్పెక్టర్ మొహం చూసి నర్సు రెండడుగులు వెనక్కి వేసింది.

ఇన్‌స్పెక్టర్ మాత్రం మంచం పక్కన మెల్లగా కూర్చుని టీచర్ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, మాట్లాడక్కర్లేదు. అవునైతే చెయ్యి నొక్కు. నీ భుజం మీద చేప వేసింది నీ మరిదేనా?"

వేళ్లు నొక్కాయి.

"అప్పుడు పొక్కులు వచ్చాయా? అతనికి తెలుసా?"

మళ్లీ నొక్కాయి. ఈసారి గట్టిగా.

ఇన్‌స్పెక్టర్ ఇంకో ప్రశ్న అడిగింది. దానికొచ్చిన జవాబు చూసి లేచి బయటికి నడిచింది. దారిలో మాల్ దగ్గర జీపు ఆపించింది.

*

సాయంత్రం నాలుగింటికి అందర్నీ పగిలిన పార్లర్‌లోనే కూర్చోబెట్టింది. తల్లి, పెద్దకొడుకు, చిన్నకొడుకు. లాకప్ నుంచి తెచ్చిన కూతురు.

"అమ్మా, మీ అమ్మాయిది తప్పని మీరూ నమ్మారా?"

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చిన్నాడు చెప్పాడమ్మా. వాడు అబద్ధమాడడు."

"సరే." ఇన్‌స్పెక్టర్ కుర్రాడి ముందు నిలబడింది. "నీ స్టాల్ బోర్డు మీద ఆడమనిషి భుజం ఫోటో ఉంది. చేప టాటూ. మొహం లేదు. ఎవరది?"

"మోడల్ మేడమ్. ఇంటర్నెట్లో దొరికింది."

కానిస్టేబుల్ ఆ బోర్డును లోపలికి మోసుకొచ్చి గోడకు ఆనించింది. బస్సు డ్రైవరు చూశాడు. లేచాడు. దగ్గరికొచ్చి ఫోటోలో మెడ కింద పాత కాలిన మచ్చను వేలితో తాకాడు.

"ఇది నా భార్య," అన్నాడు.

కుర్రాడి క్రాఫు చక్కగానే ఉంది. మొహమే చెదిరింది.

"నీ కౌంటర్ కింద ఏం దొరికాయో తెలుసా?" ఇన్‌స్పెక్టర్ సంచీ బోర్లించింది. రంగు పొడి ప్యాకెట్లు. ప్రతిదాని మీదా పార్లర్ స్టాంపు.

ఓనరు వాటిని చూసి తల పట్టుకుంది. "దొంగ అన్నాను. మా వదినను పట్టుకుని దొంగ అన్నాను."

"మేకు మీది తాళంచెవి తీసుకుని ప్యాకెట్లు నొక్కేసింది ఇతను. ఈ పొడి నీళ్లు కలిపి, పాళ్లు చూసి జుట్టుకు వేసేది. ఇతను ముద్దలా కలిపి నేరుగా చర్మానికే పూశాడు. పైగా నేచురల్, హెర్బల్ అని బోర్డు. బోర్డు కోసం మొదట పూసింది వదినకే. వారం తిరిగేసరికి భుజం పొక్కింది. అప్పుడు ఏమన్నావురా ఆవిడతో?"

"అన్నయ్యకు చెప్పొద్దన్నాను." నేల చూస్తూ అన్నాడు. "చెబితే స్టాల్ మూయించేస్తాడు, నా నోటికాడ కూడు పోతుందన్నాను. ఆయింట్‌మెంటు తెచ్చిచ్చాను. తగ్గిపోయింది కూడా. ఇలా అవుతుందని నాకు తెలియదు మేడమ్, ఒట్టు."

"తెలియదు. ఒప్పుకుంటాను." ఆవిడ గొంతు తగ్గింది. స్టేషన్‌లో మిగతావాళ్లెవరైనా అక్కడుంటే పారిపోయేవాళ్లు. "మరి డాక్టరు అడిగినప్పుడు? నల్ల టాటూ ఉందా అని నీ మొహం మీదే అడిగాడు. వదినకు గొంతులో గొట్టం దిగుతోంది. అప్పుడూ తెలియదా? మీ అక్క నుదుటి గాయంతో ఇక్కడ కూర్చుంటే, న్యాయం ముఖ్యం అన్నావు. అప్పుడూ తెలియదా? మూడు రోజులు! నువ్వు ఒక్క ముక్క చెబితే అయిపోయేదానికి మూడు రోజులు కన్నతల్లిలా చూసుకోవాల్సిన అక్కను లాకప్‌లో పెట్టించావు. అదే మూడు రోజులూ స్టాల్ తెరిచి ఇంకా ఎంతమందికి పూశావు?"

కుర్రాడు ప్యాకెట్ల వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు.

తల్లి లేచి కూతురి దగ్గరికెళ్లింది. చేతులు పట్టుకుంది.

"వాడు చిన్నవాడమ్మా. తెలివితక్కువ. నువ్వు మనసులో పెట్టుకోకు. వాడి జీవితం పాడైపోతుంది. కేసు వద్దని నువ్వొక్క మాట చెప్పవే."

కూతురు చేతులు విడిపించుకుంది. మూడు రోజులుగా పీలగా ఉన్న గొంతు ఒక్కసారిగా లేచింది.

"నన్ను జీపెక్కించినప్పుడు ఈ చేతులెక్కడున్నాయమ్మా? అప్పుడు నేనెవరి కూతుర్ని?"

తల్లి చేతులు కొంగులోకి ముడుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ కుర్రాడి ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వు టాటూలు వేసినవాళ్ల ఫోటోలన్నీ ఇందులో ఉన్నాయి. నంబర్లూ ఉన్నాయి. స్టేషన్‌కు వచ్చి కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తావు. నేను పూసింది ఆకు కాదు, డాక్టర్ని అడగకుండా జన్మలో జుట్టుకు రంగేసుకోకండి అని నీ నోటితో చెబుతావు. తిడితే పడతావు. మొదట ఈమెకు చెప్పు."

కానిస్టేబుల్ మణికట్టు ముందుకు చాపింది. పొక్కులు ఎర్రగా మెరుస్తున్నాయి. కుర్రాడు వాటిని చూసి నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ అతను చెప్పేదాకా కదలనివ్వలేదు.

అన్న తమ్ముడి వైపు చూడకుండానే బయటికి నడిచాడు. హాస్పిటల్‌కు.

ఓనరు మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"మేడమ్, మా వదిన... నేనే చేశాననుకుందా?"

"అడిగాను. చెయ్యి పట్టుకుని, మీ ఆడపడుచే కావాలని చేసిందా అన్నాను."

"ఏమంది?"

"నా చెయ్యి విసిరికొట్టింది." ఇన్‌స్పెక్టర్ మణికట్టు రుద్దుకుంది. "గొంతులో గొట్టం, కళ్లు మూత. అయినా ఆ విసురు చూడాలి. ఇంకా నొప్పిగానే ఉంది."

ఓనరు నవ్వబోయి ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, గాజు పెంకుల మధ్య చెప్పులు వెతుక్కుంది.

"అన్నయ్యా, ఆగు," అని కేకేసింది. "నేనూ వస్తున్నాను."