ఊపిరి వినిపించని గొంతు

చీఫ్ రికార్డర్ బటన్ నొక్కాడు. ఒక ముసలాయన గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "చిట్టి... నే... బాగా... డాక్టర్లు..."

"ఎవరు సార్?"

"సైన్యానికి డ్రోన్లు చేసే కంపెనీ పెద్దాయన. గుండె ఆపరేషన్‌కి విదేశం వెళ్ళాడు. రోజూ కూతురితో ఇంటర్నెట్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు." చీఫ్ రికార్డర్ ఆపేశాడు. "ఆయన ఆపరేషన్ బల్ల మీదే పోయాడు."

మౌని తలెత్తాడు. వినడమే తప్ప మాట్లాడడని నిఘా డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్‌కి పెట్టిన పేరది.

"అవతలి ముఠా ఆయన గొంతుని కంప్యూటర్‌తో పలికిస్తోంది. లైన్ బాగాలేకపోవడమే వాళ్ళ ముసుగు. రేపటి కాల్‌లో డ్రోన్ డిజైన్లు పంపమని 'నాన్న' అడుగుతాడు. కూతురి వేలిముద్ర లేనిదే అవి బయటికి వెళ్ళవు. అది పడిందా, మన సరిహద్దు వాళ్ళ చేతుల్లో పెట్టినట్టే."

"ఆవిడకి చెప్పేస్తే?"

"నిన్న మాట్లాడిన తండ్రి పోయాడంటే మనల్ని బయటికి గెంటిస్తుంది. చెప్తే నమ్మదు, వినిపించాలి. కాల్ నడిచేటప్పుడే ముఠా అంతా ఒక గదిలో ఉంటుంది. మనవాళ్ళు అప్పుడే తలుపు బద్దలు కొడతారు."

"అవతల మన మనిషి?"

చీఫ్ ఫొటో ముందుకు తోశాడు. అందులో అమ్మాయి సినిమా తారలా ఉంది. "నర్సు వేషంలో ఉంటుంది. జీతం వాళ్ళిస్తారు, కబుర్లు మనకిస్తుంది. 'పేషెంట్ కాస్త నీరసంగా ఉన్నారు' అందంటే, వాళ్ళ ఫోన్‌ని మన లైన్లోకి మార్చేసిందని అర్థం."

ఫోన్ బాగుచేయమని కూతురు పెట్టిన కంప్లైంట్‌నే డిపార్ట్‌మెంట్ తన దగ్గరికి దారి మళ్ళించుకుంది. మర్నాడు మౌని టెలికం ఇంజనీర్ వేషంలో కంపెనీ సర్వర్ రూములో వైర్లు కలుపుతుంటే ఆమే స్వయంగా వచ్చి నిలబడింది. కళ్ళ కింద నిద్రలేని నలుపు.

"అసలు ప్రాబ్లమ్ ఏంటండీ?"

"మీ కాల్స్ పబ్లిక్ ఇంటర్నెట్‌లో వెళ్తున్నాయి మేడమ్. ఊరందరి వీడియోలూ డౌన్‌లోడ్లూ పోయే రోడ్డది. మాట ప్యాకెట్లుగా విడిపోయి వెళ్తుంది. కొన్ని లేటవుతాయి, కొన్ని దారిలోనే పోతాయి. ఇది ప్రైవేట్ లైన్. ఈ చివర మీరు, ఆ చివర నాన్నగారి గది. మధ్యలో ఇంకెవరూ అడ్డు రారు."

"అయితే నాన్న పూర్తిగా వినిపిస్తాడా?" ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది. "మొన్న ఏదో జోక్ చెప్పాడండీ. సగం ఈ ఫోనే మింగేసింది. అయినా నవ్వేశాను."

"వినిపిస్తారు మేడమ్" అన్నాడు మౌని. ఆమె వైపు చూడకుండా వైర్ల మీదికి వంగాడు.

కాల్ టైమైంది. లైన్ చూసుకోవడానికి అతన్ని తన ఆఫీసు గదిలోనే ఉండమంది. ఆమె చేతిలో రిసీవర్, ముందు వేలిముద్ర స్కానర్. మౌని చెవిలో గింజంత ఇయర్‌పీస్, చెయ్యి స్కానర్ వైరు మీద.

"హలో." నర్సు గొంతు పక్కనే నిలబడి మాట్లాడినంత దగ్గరగా వచ్చింది. "పేషెంట్ కాస్త నీరసంగా ఉన్నారు. ఇస్తున్నాను."

"చిట్టితల్లీ, ఎలా ఉన్నావు?"

కూతురి కళ్ళు నిండిపోయాయి. "నాన్నా! ఎంత బాగా వినిపిస్తున్నావో!"

"నేను కోలుకున్నాను తల్లీ, ఇక్కడి కంపెనీతో ఒప్పందం కుదిరింది, మన డిజైన్లన్నీ ఇవాళే పంపించాలి, ఆలస్యమైతే నా మాట పోతుంది, వేలిముద్ర వేసెయ్యి."

ఆమె వేలు స్కానర్ మీదికి వెళ్ళింది. మౌని పీకెయ్యడానికి వైరు బిగించి పట్టుకున్నాడు. వేలు గాల్లోనే ఆగింది.

"ఆయాసం తగ్గిందా నాన్నా?"

"నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను." నవ్వు.

"ఒక్కసారి ఊపిరి తీసుకో."

"వేలిముద్ర వేసెయ్యి తల్లీ."

"నాలుగు మాటలకోసారి ఆగేవాడివి కదా నాన్నా. ఇందాకట్నుంచి ఆగనే లేదు. ఊపిరి తీసుకో. నాకు వినిపించేలా."

లైన్లో ఊపిరి చప్పుడేదీ రాలేదు. తర్వాత, "నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను." అదే మాట. అచ్చుగుద్దినట్టు అదే నవ్వు.

ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అవతల తలుపు బద్దలైంది. "ఎవరూ కదలొద్దు!" కుర్చీలు పడ్డాయి, ఎవరో తిట్టారు. అన్నీ ఈ గదిలోనే జరుగుతున్నంత స్పష్టంగా. గొడవ సద్దుమణిగాక ఫోన్ దగ్గర ఎవరో రొప్పుతున్నారు. నిజమైన మనిషి ఊపిరి. నర్సు.

"ఎప్పుడు?" అని అడిగింది కూతురు.

"ఆపరేషన్ రోజునే అమ్మా."

"చివర్లో ఏమైనా అన్నాడా?"

నర్సు గొంతు తగ్గించింది. "లోపలికి తీసుకెళ్ళే ముందు మీకు ఫోన్ కలపమన్నారు. కలిపాను. చిట్టీ, చిట్టీ అని పిలుస్తూనే ఉన్నారు. మీకు వినపడలేదు. మళ్ళీ చేస్తానని మీరు పెట్టేశారు."

"అప్పుడు మీటింగ్‌లో ఉన్నాను" అంది కూతురు, బల్లతో చెప్పుకుంటున్నట్టు.

అవతల నర్సు అడుగుల చప్పుడు దూరమైంది. మౌని మెల్లగా బయటికొచ్చి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"డిజైన్లు?"

"భద్రం సార్."

"శభాష్! లైన్ పీకేసి వచ్చెయ్."

మౌని అద్దం తలుపులోంచి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని, రిసీవర్ని రెండు చేతులతో చెవికి అదుముకుని కూర్చుంది.

"కాసేపు ఆగాలి సార్. ఆవిడ ఇంకా ఫోన్ పెట్టలేదు."

"అవతల ఇంకా ఎవరున్నారయ్యా?"

"ఎవరూ లేరు సార్. లైన్ మాత్రం చాలా క్లియర్‌గా ఉంది."